కొలత ఆగిన కాలం: కరవు సీమ, పోషణ పరిశోధన, ప్రభుత్వ నిధుల కోతలు (1877–2015)

వ్యాస సంగ్రహం

వైద్య పరిశోధనకు ప్రభుత్వం నిధులు తగ్గించినప్పుడు ఆగిపోయే పనులన్నీ ఒకే రకమైనవి కావు. కొత్త ఔషధం, కొత్త చికిత్స కోసం సాగే ప్రయోగశాల పరిశోధన ఆగితే నష్టం వెంటనే కనిపిస్తుంది. ప్రజలు ఏం తింటున్నారు, ఎంత తింటున్నారు, వారి శరీరాలపై దాని ఫలితమేమిటి అని ఏళ్ల తరబడి కొలిచే పరిశోధన ఆగితే నష్టం కనిపించదు. దాన్ని చూపవలసిన లెక్కే అప్పుడు లేకుండా పోతుంది. అనంతపురం జిల్లా గుమ్మఘట్ట వంటి కరవు ప్రాంతాన్ని దృష్టిలో ఉంచుకొని, పోషణ పరిశోధన చరిత్రలో మూడు పొదుపు నిర్ణయాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. 1877లో కరవు పనుల కూలీకి విధించిన కోత, 1923లో కూనూరు బెరిబెరి పరిశోధన రద్దు, 2015లో జాతీయ పోషణ పర్యవేక్షణ సంస్థ మూసివేత ఆ మూడు నిర్ణయాలు.

కీలక పదాలు: గుమ్మఘట్ట, ధాత కరవు, కార్నిష్, మెక్‌కారిసన్, ఇంచ్‌కేప్ సంఘం, జాతీయ పోషకాహార సంస్థ, పోషణ పర్యవేక్షణ, చిరుధాన్యాలు.

1. ఉపోద్ఘాతం

గుమ్మఘట్ట మండలం అనంతపురం జిల్లా పడమటి అంచున, కర్ణాటక సరిహద్దును ఆనుకొని ఉంది. వేదవతి నది ఈ మండలం మీదుగా ప్రవహిస్తుంది. స్థానికంగా దీన్ని హగరి అంటారు. నదిపై భైరవానితిప్ప వద్ద స్వాతంత్ర్యానంతరం జలాశయం కట్టారు. నది ఎగువన కర్ణాటకలో వాణీవిలాస సాగరం ఇరవయ్యో శతాబ్ది ఆరంభం నుంచే ఉంది. ఎగువ నుంచి నీరు దిగని ఏళ్లలో భైరవానితిప్ప జలాశయం అడుగంటుతుంది. నైరుతి రుతుపవనాలకు పడమటి కనుమలు అడ్డుపడటం, ఈశాన్య రుతుపవనాలకు తూర్పు తీరం దూరం కావడం వల్ల జిల్లా సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లకు మించదు. ఆ వర్షం కూడా అదనుకు కురుస్తుందన్న నమ్మకం లేదు.

పాలనాపరంగా ఈ ప్రాంతం ఎప్పుడూ ఏదో ఒక పెద్ద జిల్లాకు అంచుగానే ఉంది. బళ్ళారి జిల్లా నుంచి 1882లో అనంతపురం జిల్లాను వేరు చేసినప్పుడు రాయదుర్గం తాలూకా బళ్ళారిలోనే ఉండిపోయింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు అది అనంతపురంలో చేరింది. అందువల్ల ఈ ప్రాంత ఆకలి చరిత్రను వెదికేవారు తొలి కాలానికి బళ్ళారి పత్రాలను, తరువాతి కాలానికి అనంతపురం పత్రాలను ఆశ్రయించాలి.

కరవు చరిత్ర రచన సాధారణంగా వర్షపాతం, ధాన్యం ధరలు, మరణాలు, సహాయక చర్యల చుట్టూ తిరుగుతుంది. ఆకలిని కొలిచే శాస్త్రానికి ఎవరు డబ్బు ఇచ్చారు, ఎప్పుడు ఆపారు అన్న ప్రశ్నకు అందులో చోటు తక్కువ. కరవు సీమకు మాత్రం ఈ ప్రశ్న ప్రాణప్రదమైనది. ఒక మనిషికి ఎంత తిండి చాలునో నిర్ణయించే అధికారం, ఆ నిర్ణయానికి అవసరమైన ఆధారం వేర్వేరు చేతుల్లో ఉన్నప్పుడు ఏం జరుగుతుందో ఈ నేల 1877లోనే చవిచూసింది.

2. ధాత కరవు: ఒక పౌను ధాన్యం మీద వాదం

1876–78 నాటి మహాక్షామాన్ని తెలుగు ప్రజలు ధాత నామ సంవత్సరం పేరుతో ధాత కరవు అని గుర్తుంచుకున్నారు. మద్రాసు రాజధానిలో ఎక్కువగా దెబ్బతిన్న జిల్లాల్లో బళ్ళారి ఒకటి. 1871, 1881 జనగణనల మధ్య బళ్ళారి, అనంతపురం ప్రాంతంలో జనాభా దాదాపు అయిదో వంతు తగ్గిపోయింది.

1877 జనవరిలో వైస్రాయి లిట్టన్ ప్రభుత్వం సర్ రిచర్డ్ టెంపుల్‌ను కరవు ప్రతినిధిగా మద్రాసు రాజధానికి పంపింది. సహాయక చర్యల ఖర్చును అదుపు చేయడం ఆయనకు అప్పగించిన ప్రధాన బాధ్యత. కరవు పనుల్లో వయోజన పురుషుడికి రోజుకు ఒకటిన్నర పౌను ధాన్యం లెక్కన సాగుతున్న కూలీని ఆయన ఒక పౌను ధాన్యానికి, దానికి తోడు కొద్దిపాటి నగదుకు తగ్గించారు. చరిత్రలో ఇది టెంపుల్ కూలీగా పేరుపడింది.

మద్రాసు పారిశుద్ధ్య కమిషనరు డాక్టర్ డబ్ల్యు.ఆర్. కార్నిష్ దీన్ని వ్యతిరేకించారు. కష్టపడి పనిచేసే మనిషి శరీరం ఆ తిండితో నిలవదని ఆయన వాదించారు. జైళ్లలో ఖైదీలకు ఇచ్చే ఆహార పరిమాణాలను, శరీరధర్మ శాస్త్రం చెప్పే లెక్కలను ఆధారంగా చూపారు. టెంపుల్ ఆ లెక్కలను నిశ్చయమైనవిగా అంగీకరించలేదు. ఇద్దరి మధ్య ఉత్తర ప్రత్యుత్తరాలు నడిచాయి. విలియం డిగ్బీ 1878లో దక్షిణ భారత క్షామంపై వెలువరించిన గ్రంథం ఈ వివాదాన్ని విస్తారంగా నమోదు చేసింది. 1877 మే నెలలో మద్రాసు ప్రభుత్వం కూలీని మళ్ళీ పెంచింది. ఈలోగా కొన్ని నెలలు గడిచిపోయాయి. కరవులో నెలలంటే ప్రాణాలు.

నేటి ఆహార పట్టికలతో చూస్తే ఒక పౌను, అంటే సుమారు 454 గ్రాముల ధాన్యం దాదాపు 1,500 కిలో కేలరీల శక్తినిస్తుంది. భారత వైద్య పరిశోధన మండలి నేటి ప్రమాణాల ప్రకారం బరువైన పని చేసే పురుషుడికి రోజుకు 3,400 కిలో కేలరీలకు పైగా అవసరం. నాటి మనుషుల శరీర పరిమాణం చిన్నదనుకున్నా, కూలీలోని నగదుతో మరికొంత కొనగలిగారనుకున్నా ఈ అంతరం పూడదు.

ఇక్కడ గమనించవలసింది వాదంలో గెలుపు ఓటములకన్నా ఆధారాల స్థితి. రాయదుర్గం సీమలో జొన్న, కొర్ర, రాగి తిని బతికే రైతుకూలీ మామూలు ఏడాదిలో ఎంత తింటాడన్నది ఎవరూ పద్ధతి ప్రకారం కొలిచి ఉంచలేదు. అందుకే కార్నిష్ జైలు లెక్కలను ఆశ్రయించవలసి వచ్చింది. తూచి వడ్డించే చోటు అదొక్కటే కాబట్టి ఖైదీ తిండికి మాత్రమే లెక్క ఉంది. స్వేచ్ఛగా బతికే పౌరుడి తిండికి లెక్క లేదు. లెక్క లేనిచోట పొదుపు కోరే అధికారి మాట నెగ్గడం తేలికైంది. 1878–80 కరవు కమిషన్, ఆ తరువాత రూపొందిన కరవు నియమావళులు సహాయ పరిమాణాలను క్రమబద్ధం చేశాయి. వాటికి పునాది కావలసిన శాస్త్రీయ పరిశోధన మాత్రం మరో నలభై ఏళ్లకు గాని మొదలుకాలేదు.

3. కూనూరు గది, ఇంచ్‌కేప్ గొడ్డలి

వైద్య పరిశోధనకు ప్రభుత్వ ధనాన్ని ఒక పద్ధతిలో అందించడానికి 1911లో భారత పరిశోధన నిధి సంఘం ఏర్పడింది. ఇదే 1949లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసిఎంఆర్) అయింది. ఈ సంఘం ఆశ్రయంలో 1918లో నీలగిరి కొండల్లోని కూనూరు పాశ్చర్ సంస్థలో, ఒకే గదిలో, బెరిబెరి విచారణ మొదలైంది. దానికి సారథి రాబర్ట్ మెక్‌కారిసన్.

బెరిబెరి తెలుగువారికి దూరపు వ్యాధి కాదు. మద్రాసు రాజధానిలో అది ఎక్కువగా కనిపించిన ప్రాంతం ఉత్తర సర్కారులు, అంటే నేటి కోస్తాంధ్ర. మరపట్టిన పచ్చిబియ్యం మీదే ఆధారపడిన జనంలో ఆ వ్యాధి వచ్చేది. వడ్లను ఉడకబెట్టి దంచిన ఉప్పుడుబియ్యం తినేవారిలో అరుదు. ధాన్యం పైపొరతో పాటు పోయే పోషకం ఏమిటి, ఎంత పోతే వ్యాధి వస్తుంది అన్న ప్రశ్నలు కూనూరు గదిలో పరిశోధనకు వచ్చాయి. తెలుగునాట పళ్లెంలోని అన్నం ప్రయోగశాలకు చేరిన తొలి ఘట్టాల్లో ఇదొకటి.

మొదటి ప్రపంచ యుద్ధం తరువాత భారత ప్రభుత్వ ఖజానా వరుస లోటులో పడింది. ఖర్చు తగ్గించే మార్గాలు సూచించడానికి నౌకా వ్యాపారి లార్డ్ ఇంచ్‌కేప్ అధ్యక్షతన 1922లో ఒక సంఘం ఏర్పడింది. 1923లో అది నివేదిక ఇచ్చింది. అదే ఏడాది శాసనసభ అభ్యంతరాన్ని కాదని వైస్రాయి రీడింగ్ ఉప్పుపన్నును రెట్టింపు చేశారు. పేదవాడి తిండిలోని ఉప్పు మీద పన్ను పెరగడం, పేదవాడి తిండిని పరిశోధించే పని ఆగడం ఒకే ఆర్థిక సంవత్సరపు నిర్ణయాలు. కోతలో భాగంగా బెరిబెరి విచారణ రద్దయింది. మెక్‌కారిసన్ ఇంగ్లండు వెళ్ళి ఆక్స్‌ఫర్డులో పని చేసుకున్నారు.

రెండేళ్ల తరువాత, 1925లో, లోపజనిత వ్యాధుల విచారణ అన్న పేరుతో కూనూరులో పని మళ్ళీ మొదలైంది. ఆ తరువాత కొద్దికాలంలో వెలువడిన ఫలితాలను చూస్తే కోత దేనిని ఆపబోయిందో తెలుస్తుంది. భారతదేశంలోని వివిధ ప్రాంతాల ఆహారాలను ఎలుకల గుంపులకు విడివిడిగా పెట్టి, వాటి ఎదుగుదలను, ఆరోగ్యాన్ని మెక్‌కారిసన్ పోల్చారు. గోధుమ, పాలు, పప్పు, కూరగాయలు గల ఉత్తరాది ఆహారం మేలైనదిగా, బియ్యమే ప్రధానమైన ఆహారాలు బలహీనమైనవిగా తేలాయి. 1926లో ఆయన తెలుగువాడైన వ్యవసాయ రసాయన శాస్త్రవేత్త భాగవతుల విశ్వనాథంతో కలిసి, చేనికి వేసే ఎరువు చిరుధాన్యాల, గోధుమల పోషక విలువను ఎలా మారుస్తుందో పరిశోధించారు. మెట్టపొలపు గింజలోని సత్తువను నేల సారంతో ముడిపెట్టి చూసిన తొలి ప్రయత్నాల్లో ఇది ఒకటి. లిన్‌లిత్‌గో అధ్యక్షతన ఏర్పడిన రాయల్ వ్యవసాయ కమిషన్ (1926–28) ముందు మెక్‌కారిసన్ పోషకాహార లోపంపై తన వాదాన్ని వినిపించారు. 1928 నాటికి ఆ చిన్న విచారణ పోషణ పరిశోధనశాలలుగా రూపొందింది.

1923 కోతను సమర్థించేవారు, పరిశోధన రెండేళ్లకే మళ్ళీ మొదలైంది కదా అనవచ్చు. అది మళ్ళీ మొదలు కావడానికి కారణాలు మూడు. మెక్‌కారిసన్ అప్పటికే పేరున్న శాస్త్రవేత్త. ఆయన భారత వైద్య సర్వీసులో అధికారి కావడంతో జీవనోపాధి పోలేదు. ప్రశ్న ప్రయోగశాలకు సంబంధించినది కావడంతో రెండేళ్లు ఆలస్యమైనా అది చెడిపోలేదు. ఎలుకల ప్రయోగాన్ని 1923లో కాకపోతే 1926లో చేయవచ్చు. కాలంతో పాటు మారిపోయే వాస్తవాన్ని కొలిచే పనికి ఈ వెసులుబాటు ఉండదు. ఒక ఏడాది తినని తిండిని మరో ఏడాది కొలవలేరు.

4. కూనూరు నుంచి తార్నాకకు: గ్రామం పరిశోధనశాల కావడం

1935లో మెక్‌కారిసన్ పదవీ విరమణ చేశాక డబ్ల్యు.ఆర్. ఎక్రాయిడ్ సంచాలకులయ్యారు. ఆయన ఆధ్వర్యంలో 1937లో వెలువడిన భారతీయ ఆహారాల పోషక విలువల పట్టిక దేశంలో ఆహార ప్రణాళికకు ప్రాథమిక గ్రంథమైంది. 1958లో పరిశోధనశాలలు కూనూరు నుంచి హైదరాబాదుకు తరలి వచ్చాయి. 1969లో స్వర్ణోత్సవ సందర్భంలో ఆ సంస్థకు జాతీయ పోషకాహార సంస్థ (ఎన్ఐఎన్) అని పేరు పెట్టారు. తార్నాకలో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి పక్కనే అది నేటికీ ఉంది.

సి. గోపాలన్ నాయకత్వంలో ఆ సంస్థ ప్రయోగశాలకు గ్రామాన్ని జోడించింది. దక్కను పీఠభూమిలో జొన్న ప్రధానాహారంగా తినే పేదల్లో కనిపించే పెల్లాగ్రాకు, జొన్నలో ఎక్కువగా ఉండే ల్యూసిన్ అనే ఆమినో ఆమ్లానికి సంబంధం ఉందని 1960లో గోపాలన్, ఎస్.జి. శ్రీకంటియా ప్రతిపాదించారు. పిల్లల్లో విటమిన్-ఎ లోపం వల్ల వచ్చే అంధత్వాన్ని నివారించడానికి పెద్ద మోతాదును నోటి ద్వారా ఇచ్చే పద్ధతిని ఈ సంస్థ గ్రామాల్లో పరీక్షించింది. 1970లో ఇది జాతీయ కార్యక్రమమైంది. 1973లో నల్లగొండ జిల్లా పల్లెల్లో యువతీయువకుల మోకాళ్లు లోపలికి వంగిపోతున్న వైనాన్ని కె.ఎ.వి.ఆర్. కృష్ణమాచారి, కమల కృష్ణస్వామి వెలుగులోకి తెచ్చి, ఫ్లోరైడుతో దానికున్న సంబంధాన్ని చర్చించారు. వెతకబోయినది ఒకటైతే కంటబడినది మరొకటి కావడం ఇటువంటి పరిశోధనలో పదే పదే జరుగుతుంది. పల్లెలో పరిశోధకుడు ఉంటేనే అది సాధ్యం.

ఆహార సర్వేల విలువను చాటిన పెద్ద వాదం మాంసకృత్తుల కొరత గురించి నడిచింది. 1950లు, 60లలో పేద దేశాల పిల్లల ప్రధాన సమస్య మాంసకృత్తుల లోపమేనని అంతర్జాతీయ సంస్థలు భావించాయి. ఖరీదైన మాంసకృత్తుల పొడులు, ప్రత్యేక ఆహారాలు పరిష్కారంగా ముందుకు వచ్చాయి. పిల్లలు నిజంగా తింటున్న ఆహారాన్ని ఇళ్లలో తూచి చూసిన గోపాలన్ బృందానికి వేరే చిత్రం కనిపించింది. ధాన్యం, పప్పు కలిసిన మామూలు ఇంటి తిండే కడుపునిండా అందితే మాంసకృత్తుల కొరత చాలావరకు తీరుతుందని, అసలు లోటు తిండి పరిమాణంలోనే ఉందని వారు వాదించారు. పేద ప్రభుత్వం వేటిమీద డబ్బు పెట్టాలి అన్న ప్రశ్నకు సర్వే ఇచ్చిన జవాబు ఇది. పరిశోధనకు పెట్టిన చిన్న ఖర్చు, తప్పుదారిన పోబోయే పెద్ద ఖర్చును నిలువరించింది.

5. జాతీయ పోషణ పర్యవేక్షణ సంస్థ, 1972–2015

ఈ అనుభవం మీదనే ఐసిఎంఆర్ 1972లో జాతీయ పోషణ పర్యవేక్షణ సంస్థను (ఎన్ఎన్ఎంబి) నెలకొల్పింది. దాని కేంద్ర ప్రమాణ ప్రయోగశాల హైదరాబాదు ఎన్ఐఎన్‌లో ఉండేది. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, తమిళనాడు, కేరళ, మహారాష్ట్ర, గుజరాత్, మధ్యప్రదేశ్, ఒరిస్సా, ఉత్తరప్రదేశ్, పశ్చిమ బెంగాల్ అనే పది రాష్ట్రాల్లో దాని బృందాలు పనిచేశాయి.

ఆ పని పైకి సాదాగా కనిపిస్తుంది. బృందం ఇంటికి వెళ్తుంది. వండబోయే పదార్థాలను తూస్తుంది, లేదా గడచిన ఇరవై నాలుగు గంటల్లో ఇంట్లో ఎవరు ఏం తిన్నారో, కొలత గిన్నెలు ముందుపెట్టి, ఇల్లాలితో గుర్తు చేయిస్తుంది. పిల్లల, పెద్దల ఎత్తు, బరువు కొలుస్తుంది. కంటిలో, చర్మంలో, నాలుకపై పోషక లోపపు గుర్తులను పరిశీలిస్తుంది. ఇంట్లో మొత్తం ఎంత వండారన్నదే కాక, అందులో ఆడపిల్లకు, గర్భిణికి, ముసలివారికి ఎంత దక్కిందన్నది కూడా ఈ పద్ధతిలో బయటపడుతుంది.

ఈ పని అసలు విలువ పునరావృతిలో ఉంది. 1975–79లో చూసిన గ్రామాలకు 1988–90లో, 1996–97లో, 2011–12లో బృందాలు మళ్ళీ వెళ్ళాయి. తీవ్ర పోషణ లోపం గల పిల్లల శాతం ఈ కాలంలో గణనీయంగా తగ్గిందని ఈ పరంపర చూపింది. అదే సమయంలో సగటు ధాన్యపు వినియోగం, శక్తి వినియోగం కూడా తగ్గుతూ వచ్చాయని చూపింది. ఈ రెండూ పైకి పొసగని విషయాలు. శరీరశ్రమ తగ్గడమా, వ్యాధులు తగ్గడమా, తిండిలో మార్పా అన్నది ఆర్థికవేత్తలకు, వైద్యులకు పెద్ద చర్చనీయాంశమైంది. 2009లో ఆంగస్ డీటన్, జ్యాఁ ద్రెజ్ భారతదేశ ఆహార పోషణ స్థితిపై రాసిన ప్రసిద్ధ వ్యాసానికి ఎన్ఎన్ఎంబి గణాంకాలు ముఖ్య ఆధారాల్లో ఒకటి. 2011–12 సర్వే అధిక రక్తపోటు, మధుమేహాలను కూడా పరిశీలించింది. అర్ధాకలి, అతిబరువు ఒకే ఊరిలో పక్కపక్కనే ఉండే కొత్త దశను కొలవడానికి సంస్థ సిద్ధమైంది.

సరిగ్గా ఆ దశలో, 2015లో, సంస్థను మూసివేశారు. నాలుగు దశాబ్దాలకు పైగా సాగిన పరంపర తెగిపోయింది. 1923లో పోయినవారు ఒక ప్రముఖ శాస్త్రవేత్త, ఆయన కొద్దిపాటి సిబ్బంది. 2015లో చెదిరిపోయింది పల్లెలో ఇల్లాలి చేత నిన్నటి తిండిని ఓపికగా చెప్పించగల క్షేత్ర నైపుణ్యం. అది పుస్తకాల్లో ఉండదు. ఒక తరం సిబ్బంది చేతుల్లోంచి మరో తరం చేతుల్లోకి మారుతుంది.

6. ప్రత్యామ్నాయాల వాదం

ఈ మూసివేతను సమర్థించడానికి బలమైన కారణాలు లేకపోలేదు. ఎన్ఎన్ఎంబి పది రాష్ట్రాలకే పరిమితం. జిల్లా స్థాయి అంచనాలు ఇవ్వడానికి దాని నమూనా చాలదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2015–16 విడత నుంచి జిల్లాల వారీగా పిల్లల ఎత్తు, బరువుల వివరాలు ఇస్తోంది. అంగన్‌వాడీ బరువుల నమోదు పోషణ్ ట్రాకర్‌లోకి చేరింది. ఇన్ని ఉండగా పాత సంస్థ ఎందుకన్న ప్రశ్న సహేతుకమే.

అయితే ఒక్కో సర్వే ఒక్కో ప్రశ్నకే జవాబిస్తుంది. కుటుంబ ఆరోగ్య సర్వే శరీరాన్ని కొలుస్తుంది, తిండిని తూచదు. ఏ పదార్థాన్ని ఎంత తరచుగా తింటారని మాత్రమే అడుగుతుంది. జాతీయ నమూనా సర్వే కుటుంబం కొనుగోలును, వినియోగాన్ని లెక్కిస్తుంది, ఇంట్లో ఎవరికి ఎంత దక్కిందో చెప్పదు. పైగా ఆ వినియోగ సర్వేలోనూ 2011–12 తరువాత 2022–23 వరకు అధికారికంగా వెలువడిన విడత లేదు. 2017–18 ఫలితాలను ప్రభుత్వం విడుదల చేయలేదు. అంటే తిండిని తూచే సర్వే ఆగిన కాలంలోనే తిండి ఖర్చును లెక్కించే సర్వే కూడా మూగబోయింది. 2016–18 సమగ్ర జాతీయ పోషణ సర్వే విలువైనదే. కాని అది దాతల ధనసహాయంతో జరిగినది, పిల్లలు, కౌమార వయస్కులకే పరిమితమైనది. ఎన్ఐఎన్ తరువాత ఆహారాన్ని, రక్త సూచికలను కలిపి పరిశీలించే కొత్త సర్వేను చేపట్టింది. రక్తహీనత పరీక్షను కుటుంబ ఆరోగ్య సర్వే ఆరో విడత నుంచి తొలగించి దీనికి అప్పగించారు. ఇది మంచి పునఃప్రారంభమే. మధ్యలో పోయిన ఏళ్లను మాత్రం అది తిరిగి తేలేదు.

ప్రభుత్వం తప్పుకున్న చోటును స్వచ్ఛంద సంస్థలు పూరించగలవా అన్న ప్రశ్నకు ఉమ్మడి అనంతపురం జిల్లాలోనే ఒక ఉదాహరణ ఉంది. విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన గ్రామీణాభివృద్ధి ట్రస్టు బత్తలపల్లి ఆసుపత్రిలో హెచ్ఐవి రోగులను ఏళ్ల తరబడి గమనిస్తూ వచ్చిన వివరాల ఆధారంగా అంతర్జాతీయ పత్రికల్లో పరిశోధన పత్రాలు వెలువడ్డాయి. కరవు జిల్లాలో నిలకడైన పరిశోధన సాధ్యమేనని ఇది నిరూపించింది. అయితే ఆసుపత్రి పరిశోధన ఆసుపత్రికి వచ్చినవారిని చూస్తుంది. ఆసుపత్రికి రానివారి గడపకు వెళ్ళడం సర్వే పని. ఒకటి మరొకదానికి బదులు కాదు.

దాతల ధనం మీద ఆధారపడిన కొలతకు ఉన్న ప్రమాదాన్ని 2025లో ప్రపంచమంతా చూసింది. అమెరికా ప్రభుత్వం విదేశీ సహాయాన్ని నిలిపివేయడంతో, నలభై ఏళ్లుగా అనేక పేద దేశాల్లో జనాభా, ఆరోగ్య సర్వేలకు ఊతమిచ్చిన డిహెచ్ఎస్ కార్యక్రమం ఆగిపోయింది. తమ శిశుమరణాల లెక్కకు పరాయి ఖజానా మీద ఆధారపడిన దేశాలకు, ఆ ఖజానా మూతపడిన రోజున సొంత లెక్క లేకుండా పోయింది.

7. గుమ్మఘట్టకు ఈ చరిత్ర అర్థం

ఎన్ఎన్ఎంబి నమూనా ఒక మండలం గురించి విడిగా చెప్పగలిగేది కాదు. అయినా గుమ్మఘట్ట వంటి ప్రాంతాల్లో గత అరవై ఏళ్లలో జరిగిన మార్పును అర్థం చేసుకోవడానికి అటువంటి దీర్ఘకాలిక కొలతే దారి. ఈ సీమలో ఒకప్పుడు జొన్నరొట్టె, కొర్రన్నం, రాగి సంగటి నిత్యాహారం. చేను పండించినది ఇంటి గాదెకు చేరేది. తరువాతి దశాబ్దాల్లో వేరుసెనగ మెట్టపొలాన్ని ఆక్రమించింది. తిండిగింజ చేను నూనెగింజ చేనైంది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చాక చౌకధరల దుకాణపు బియ్యం పేదింటి ప్రధానాహారమైంది. ఆ బియ్యం కరవు ఏడాదిలో ఆకలి చావును అడ్డుకుంది. 1877లో గాని, గంజి కేంద్రాలు నడిచిన 1950ల తొలినాళ్ల రాయలసీమ కరవులో గాని లేని రక్షణ అది. అదే బియ్యం చిరుధాన్యాల ద్వారా అందే సున్నం, ఇనుము, పీచు పదార్థాలను పళ్లెంలోంచి తప్పించింది.

ఈ రెండు వాక్యాల్లో మొదటిదాని మేలు ఎంత, రెండోదాని కీడు ఎంత అన్నది అభిప్రాయంతో తేలదు. తూచి చూడాలి. 2023ను ఐక్యరాజ్య సమితి భారతదేశం ప్రతిపాదనపై అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. కొర్ర, రాగుల గొప్పతనంపై ప్రచారం విస్తారంగా జరిగింది. వాటిని పండించే సీమలోని కూలి కుటుంబం వాటిని నేడు ఎంత తింటోంది, పట్నపు అంగడిలో ధర పెరిగాక ఆ కుటుంబానికి అవి మరింత దూరమయ్యాయా అన్న ప్రశ్నలకు జవాబివ్వగల లెక్క ప్రచారం నాటికి అందుబాటులో లేదు. కరవు ఏళ్లలో బెంగళూరుకు వలస పోయే కుటుంబాల సంగతి మరీ కష్టం. తాళం వేసిన ఇల్లు సర్వే జాబితాలో ఖాళీ గడిగా మిగులుతుంది. వలసలో వారు తిన్నదీ, తినకపోయినదీ ఏ ఊరి లెక్కలోనూ చేరదు.

8. ఉపసంహారం

మూడు ఘట్టాలనూ ఒకే కుట్రగా చూడటం చరిత్రకు న్యాయం కాదు. 1877 నాటి కోత కరవు కూలీకి సంబంధించినది. 1923 నాటిది యుద్ధానంతర లోటుకు వలస ప్రభుత్వం వెతుక్కున్న మార్గం. 2015 నాటిది స్వతంత్ర దేశంలో జరిగిన పాలనా నిర్ణయం. వాటి ఉద్దేశాలు వేరైనా వాటిలో ఒక సమానాంశం ఉంది. పద్దులో సులువుగా కనిపించే ఖర్చును తగ్గించారు. పద్దులో ఎక్కడా కనిపించని నష్టాన్ని ఇతరులు మోశారు. వైద్య పరిశోధనలోని ఇతర శాఖలకు కోత పడితే రోగులో, వైద్యులో, విశ్వవిద్యాలయాలో గొంతెత్తుతారు. పోషణ పర్యవేక్షణకు అటువంటి వర్గం లేదు. దాని లబ్ధిదారులకు తాము లబ్ధిదారులమన్న సంగతే తెలియదు.

దేశం పరిశోధన, అభివృద్ధి రంగంపై 2020–21లో స్థూల దేశీయోత్పత్తిలో 0.64 శాతమే ఖర్చు చేసింది. ఇంత ఇరుకైన పద్దులో ఎంపిక తప్పదు. ఆ ఎంపికకు ఈ చరిత్ర ఒక కొలబద్దను సూచిస్తుంది. తరువాత చేసుకోగల పరిశోధన ఏది, ఆ ఏడాది జరగకపోతే ఎన్నటికీ జరగనిది ఏది అన్న తేడాను గుర్తించి, రెండోదానికి నిధుల హామీని చట్టపరంగానో, దీర్ఘకాల ప్రణాళిక ద్వారానో ఇవ్వాలి. వాతావరణ శాఖ ఏ ఆర్థిక సంక్షోభంలోనూ వర్షమాపకాలను పీకేయదు. గుమ్మఘట్టలో కురిసిన వాన మిల్లీమీటర్లలో నమోదవుతూనే ఉంది. ఆ వాన తప్పిన ఏడాది ఆ ఊరి కూలీ పళ్లెంలో ఏం మిగిలిందన్నది గ్రాముల్లో నమోదు కావలసి ఉంది. కార్నిష్ 1877లో జైలు లెక్కలు చూపి వాదించవలసి వచ్చిన స్థితిలోకి ఈ శతాబ్దపు వైద్యుణ్ణి మళ్ళీ నెట్టకుండా ఉండాలంటే, ఆకలిని కొలిచే పనిని కూడా వర్షమాపకమంత శాశ్వతమైన ప్రభుత్వ బాధ్యతగా గుర్తించాలి.